పక్షం మారితే మనిషి మారినట్టేనా? డీప్ స్పేస్ నైన్‌లో డుకాట్, డమార్ గురించి

చుక్కలదారి

స్టార్ ట్రెక్ లోకంలో ఒక అంతరిక్ష స్టేషన్ చుట్టూ తిరిగే డీప్ స్పేస్ నైన్ మూడోసారి చూడటం నిన్న రాత్రితో అయిపోయింది. 1993 జనవరిలో మొదలై 1999 జూన్‌లో ముగిసిన సీరియల్, మొత్తం 7 సీజన్లు. చివరిదాకా కథంతా ఇక్కడ బయటపడుతుంది. చూడనివాళ్లు దయచేసి ఇక్కడే ఆగిపోండి.

నన్ను తొలుస్తున్నది ఒకే ఒక్క విషయం. 6వ సీజన్‌లో, ఒకప్పుడు బజోర్ గ్రహాన్ని ఆక్రమించి ఏలిన కార్డాసియన్ల అధికారి డుకాట్ కూతురు జియాల్‌ని అతని కింది అధికారి డమార్ కాల్చి చంపినప్పుడు, వీడిని జన్మలో క్షమించను అనుకున్నాను. అక్కడి నుంచి నలభై చిల్లర ఎపిసోడ్లు గడిచాక అదే డమార్ చనిపోతుంటే ఏడ్చాను. మూడుసార్లు చూస్తే మూడుసార్లూ ఏడ్చాను.

అటు డుకాట్ సంగతి చూడండి. బజోరన్ తల్లికి పుట్టిన కూతురిని నా బిడ్డే అని అందరి ముందూ ఒప్పుకున్నందుకు పదవి పోయింది, భార్య వదిలేసింది, సరుకు ఓడ నడుపుకుంటూ బతికాడు. అంత పోగొట్టుకున్నవాడు చివరికి రాక్షసుడయ్యాడు. ఆ బిడ్డను చంపినవాడు వీరుడయ్యాడు. రచయితలు నాకు నిజంగా ఏదో చూపించారా, లేక జియాల్‌ని మర్చిపోయేలా చేశారా? మీరంతా ఎలా చూస్తారో చెప్పండి.

దుర్భిణి

మంచి ప్రశ్న. నేను కొంచెం కఠినంగానే చెప్తాను.

డమార్ తిరుగుబాటు ఎందుకు చేశాడో గుర్తు చేసుకోండి. కార్డాసియాని తనలో కలుపుకున్న డొమినియన్ సామ్రాజ్యంతో పొత్తు తప్పని అనిపించి కాదు. సెప్టిమస్ 3 గ్రహం మీద 5 లక్షల మంది కార్డాసియన్ సైనికులున్నారు. శత్రువులైన క్లింగాన్లను కొంతకాలం ఆపడానికి వాళ్లు చచ్చినా ఫరవాలేదని డొమినియన్ ప్రతినిధి వేయున్ తేల్చేశాడు, అప్పటికి కార్డాసియా నాయకుడైన డమార్‌కి ఒక్క మాట కూడా చెప్పలేదు. కొత్తగా చేరిన బ్రీన్లకి కార్డాసియన్ భూభాగం ఇస్తామన్నారు, అదీ ఇతన్ని అడగలేదు. అద్దంలో తన మొహం చూసుకుని చేతిలో ఉన్న మద్యం దాని మీదకి విసిరేది అప్పుడే.

తర్వాత గ్రహాలన్నిటికీ వినపడేలా చేసిన ఆ ప్రసంగం కూడా గొప్పదే, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ అందులో లెక్క చూడండి. మా సైనికులు 70 లక్షల మంది చచ్చిపోయారు, మాకేం మిగిలింది అంటాడు. బజోర్ మీద 50 ఏళ్లు మేమేం చేశాం అన్న మాట ఎక్కడా రాదు. మొన్నటిదాకా వాళ్లు చేసింది ఇవాళ వాళ్లకి జరిగింది, అందుకే కత్తి పట్టాడు.

కాబట్టి నా లెక్కలో పక్షం మారడం వేరు, మనిషి మారడం వేరు. మొదటిది ఆ ప్రసంగం రోజున జరిగింది. రెండోది జరిగిందా లేదా అన్నదే అసలు చర్చ.

రేడియోతరంగం

రెండోది జరిగింది. ఎక్కడో కూడా చెప్తాను. 'ట్యాకింగ్ ఇంటు ద విండ్' ఎపిసోడ్. డొమినియన్ వాళ్లు తన భార్యని, కొడుకుని పట్టుకుని చంపేశారని డమార్‌కి కబురు వస్తుంది. ఏ పాపం ఎరగని ఆడవాళ్లని, పిల్లల్ని చంపమని ఆజ్ఞ ఇచ్చేవాళ్లు ఎలాంటి మనుషులు అని కుమిలిపోతాడు. పక్కనే కీరా ఉంది, బజోర్ కోసం కార్డాసియన్ల మీద పోరాడిన మనిషి. అదే ప్రశ్న తిప్పి అతన్నే అడుగుతుంది. చెప్పు డమార్, ఎలాంటి మనుషులు?

ఒక్క క్షణం గదిలో ఎవరికీ నోట మాట రాదు. అతను లేచి వెళ్లిపోతాడు.

రేడియోతరంగం

ఇంకోటి రాయడం మరిచాను. ఆ వెంటనే కీరా బాధపడుతుంది, ఇప్పుడు అనాల్సిన మాట కాదని. గారక్ అడ్డుపడతాడు. డమార్ గతాన్ని ఇంకా అందంగా ఊహించుకుంటున్నాడు, మొహాన చన్నీళ్లు పడాల్సిందే అన్నట్టు మాట్లాడతాడు. కార్డాసియన్ అయ్యుండి, అందులోనూ గూఢచారిగా బతికినవాడు ఆ మాట అనడం నాకు చాలా పెద్ద విషయం.

కంచుకాగడా

డమార్ గురించి మీరంతా ఒప్పుకుంటారు, తెలుసు. నేను డుకాట్ తరఫున మాట్లాడతాను, ఎందుకంటే అన్యాయం జరిగింది అతని పాత్రకి.

5 సీజన్ల పాటు మార్క్ అలైమో ఆ పాత్రని ఎంత బాగా నిలబెట్టాడో చూడండి. అతను ఎప్పుడూ తనని చెడ్డవాడిగా అనుకోడు. మర్యాదగా మాట్లాడతాడు, నవ్వుతాడు, అవసరమైతే స్టేషన్ కమాండర్ సిస్కోకి సాయం చేస్తాడు. క్లింగాన్లు కార్డాసియా మీద పడినప్పుడు ఒంటరిగా ఒక ఓడని పట్టుకుని పోరాడాడు. అలాంటి మనిషిని 'వాల్ట్జ్' అనే ఒక్క ఎపిసోడ్‌లో పిచ్చివాడిని చేసేశారు. తర్వాత దయ్యాలు, పూనకాలు, ఎర్రటి కళ్లు. ఒక క్లిష్టమైన శత్రువుని చేతులారా చంపుకున్నారు.

నీలిగ్రహం

కంచుకాగడా అన్నా, దయ్యాల సంగతిలో నీతోనే ఉన్నాను, చివరి సీజన్‌లో ఆ దారి నాకూ నచ్చలేదు. కానీ 'వాల్ట్జ్' దగ్గర గట్టిగా విభేదిస్తాను. అది డుకాట్‌ని మార్చిన ఎపిసోడ్ కాదు, విప్పి చూపించిన ఎపిసోడ్.

కూలిన ఓడలోంచి బయటపడి అతనూ, గాయపడిన సిస్కో ఒక గుహలో ఉంటారు. తను ఎంత మంచి పాలకుడో సిస్కో చేత అనిపించుకోవాలని డుకాట్ తపన. అప్పుడు వరసగా చెప్తాడు: శిబిరాల్లో ఉత్పత్తి కోటా 50 శాతం తగ్గించాను, పిల్లల చేత పని మాన్పించాను, తిండి, వైద్యం పెంచాను, నెల తిరిగేసరికి చావులు 20 శాతం తగ్గాయి అని. వినడానికి ఎంత బాగుంది. ఆ తర్వాత బజోరన్లు ఓడలు ఆపే స్థావరాన్ని పేల్చి 200 మంది కార్డాసియన్లని చంపారు. బదులుగా ఇతను 200 మంది బజోరన్లని పట్టి చంపించాడు. వాళ్లే చేసినట్టు రుజువుందా? అనుమానితులు, అంతే.

ఆ లెక్క అతనికి న్యాయంగానే కనిపిస్తుంది. 200కి 200. దయ చూపించాను, కృతజ్ఞత లేదు, కాబట్టి చంపాను. వేరేవాడి ఇంటిని ఆక్రమించుకుని, గిన్నెలో నాలుగు మెతుకులు ఎక్కువ వేశాను కదా, దండం పెట్టరేం అని అడిగే మనిషి. నాకో విగ్రహం కూడా కట్టలేదని ఏడుస్తాడు! ఈ మనిషి మొదటి సీజన్ నుంచీ ఇంతే. మనమే అలైమో గొంతు విని కరిగిపోయాం.

కంచుకాగడా

> మనమే అలైమో గొంతు విని కరిగిపోయాం.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నిజమే కావచ్చు. కానీ జియాల్ మీద ప్రేమ అబద్ధం కాదు. 'ఇన్‌డిస్క్రిషన్'లో ఆమెని చంపడానికే వెళ్లాడు, తుపాకీ గురిపెట్టి కూడా చంపలేకపోయాడు. ఆ క్షణం నటన అనను. ఆమె చనిపోయాక మతి పోవడం కూడా సహజమే. నా బాధల్లా ఒకటే, ఆ తండ్రి ఉన్నాడు కదా, ఆ దారిన ఎందుకు తీసుకెళ్లలేదు?

వేగుచుక్క

తండ్రి ఉన్నాడు, సరే. ఆ ప్రేమ ఆ ఒక్క బిడ్డ దాటి పక్కింటి బిడ్డ దాకా రాలేదు. డుకాట్‌కీ డమార్‌కీ తేడా అక్కడే ఉందనుకుంటాను. డుకాట్ కూతురు పోతే, నాకు ఇంత అన్యాయమా అన్నాడు. డమార్ కొడుకు పోతే, కీరా అడిగిన మాట వల్లనే కానీ, మేం ఎంతమందికి ఇలా చేశాం అన్న దగ్గరికి వచ్చాడు. దుఃఖం ఇద్దరికీ ఒకటే. ఒకడిలో లోపలికే తిరిగింది, ఇంకొకడిలో బయటికి దారి దొరికింది.

ఇంకో మాట. కీరా పాత్ర వేసిన నానా విజిటర్, కీరా డుకాట్‌ల మధ్య ప్రేమకథ పెట్టాలన్న ఆలోచనని గట్టిగా వ్యతిరేకించారు. ఆమె అడ్డుపడకపోయుంటే ఈ చర్చే ఇంకోలా ఉండేది. తన జాతిని తొక్కినవాడిని ప్రేమతో కడిగేసే కథ అయ్యేది.

పాలపుంత

నేను ఈ మధ్యే మొదటిసారి చూశాను. పొత్తులు ఎవరు ఎవరితో అన్నది చాలాచోట్ల తికమక పడ్డాను. ఎవరైనా వరసగా చెప్తారా?

దుర్భిణి

చెప్తాను. పెద్ద మలుపులు మాత్రమే.

1995లో వచ్చిన 4వ సీజన్ మొదట్లో క్లింగాన్లు కార్డాసియా మీద దండెత్తారు, కార్డాసియా ప్రభుత్వంలోకి డొమినియన్‌ని ఏలే, రూపం మార్చే ఫౌండర్లు చొరబడ్డారన్న అనుమానంతో. సిస్కో వాళ్ల కూటమి ఫెడరేషన్ ఒప్పుకోకపోతే దాంతోనూ తెగతెంపులు చేసుకున్నారు. తీరా చూస్తే చొరబాటుదారుడు క్లింగాన్ల దగ్గరే ఉన్నాడు, సేనాని మార్టోక్ రూపంలో. ఎదుటివాడి ఇంట్లో దొంగని వెతుకుతూ సొంత ఇంట్లో దొంగ మాట విన్నారు. డొమినియన్‌కి ఒక్క గుండు ఖర్చు కాలేదు.

1997 ఫిబ్రవరిలో డుకాట్ కార్డాసియాని డొమినియన్‌లో కలిపేశాడు. ఆ దెబ్బకి క్లింగాన్లు, ఫెడరేషన్ మళ్లీ ఒకటయ్యారు. 5వ సీజన్ ఆఖరికి యుద్ధం. అప్పటికి ఇంకో పెద్ద శక్తి అయిన రోములన్లు డొమినియన్‌తో మీ జోలికి రాము అని ఒప్పందం రాసుకున్నారు. బజోర్ కూడా రాసుకుంది, అదీ సిస్కో సలహా మీదే, ఆ గ్రహం నాశనం కాకుండా ఉండాలని. 6వ సీజన్‌లో రోములన్లు ఫెడరేషన్ వైపు వచ్చారు (ఎలా వచ్చారో కింద ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు). 7వ సీజన్‌లో బ్రీన్లు డొమినియన్‌లో చేరారు, డమార్ బయటికొచ్చాడు. చివరి ఎపిసోడ్‌లో యుద్ధం మధ్యలోనే కార్డాసియన్ నౌకాదళం మొత్తం పక్షం మార్చింది.

శూన్యయాత్రి

ఆ కింద రాసేది నేనే.

డమార్‌ని క్షమించాలా, డుకాట్‌ని అర్థం చేసుకోవాలా అని ఇంత మాట్లాడుకుంటున్నాం. సిస్కోని ఎవరూ ఎందుకు అడగడం లేదు? 'ఇన్ ద పేల్ మూన్‌లైట్', 1998 ఏప్రిల్. రోములన్లని యుద్ధంలోకి దించాలి. రుజువు దొరకలేదు, కాబట్టి తయారు చేయించాడు. దొంగ రికార్డింగ్ చేయడానికి మరణశిక్ష పడ్డ నేరస్తుడిని విడిపించాడు. సెనేటర్ వ్రీనాక్ అది దొంగదని పట్టేశాడు. తిరిగి వెళ్తుండగా అతని ఓడ పేలిపోయింది, ఆ రికార్డింగ్ చేసినవాడూ శవమయ్యాడు. రెండూ గారక్ పనులే. సిస్కో వెళ్లి గారక్‌ని కొట్టాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

అందరూ ఆ రెండు చావుల గురించే మాట్లాడతారు. నాకు నిద్ర పట్టనిది వేరే. అబద్ధం నమ్మి యుద్ధంలోకి వచ్చిన రోములన్ సైనికులు. వాళ్లు లక్షల్లో పోయుంటారు. వాళ్ల భార్యలకి, పిల్లలకి ఎప్పటికీ తెలియదు, తమవాళ్లు ఒక దొంగ రికార్డింగ్ వల్ల పోయారని. డమార్ ఒక అమ్మాయిని చంపాడు. సిస్కో ఎంతమందిని?

చుక్కలదారి

శూన్యయాత్రి గారూ, మీ మాట గుచ్చుకుంది. అయినా ఒప్పుకోలేకపోతున్నాను. ఫెడరేషన్ పడిపోయుంటే తర్వాత వంతు రోములన్లదే. ఆ ఎపిసోడ్‌లో ప్రతి వారం గోడ మీద కట్టే మృతుల జాబితా ఉంది కదా, సిస్కో దాని ముందు నిలబడతాడు. ఆ జాబితా చదివినవాడు చేతులు కట్టుకుని కూర్చోవాలా?

శూన్యయాత్రి

డుకాట్ కూడా ఇదే అంటాడు చుక్కలదారి గారూ. నా ప్రజలు ఓడిపోతున్నారు, చేతులు కట్టుకుని కూర్చోవాలా అనే కార్డాసియాని డొమినియన్ చేతిలో పెట్టాడు.

నేను సిస్కోని ద్వేషించను. నాకు ఆ సీరియల్‌లో అందరికంటే ఇష్టమైన మనిషి. తేడా ఒక్కటే కనిపిస్తుంది: సిస్కో తను చేసింది తప్పని తెలిసి చేశాడు, ఆ రాత్రంతా కెమెరా ముందు తనకి తానే చెప్పుకుని చివరికి ఆ రికార్డు చెరిపేయించాడు. డుకాట్‌కి చెరపాల్సింది ఉందనే అనిపించదు. ఆ తేడా చాలా పెద్దదా, చిన్నదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు.

వేగుచుక్క

మనవైపు మచ్చ సిస్కోతో ఆగలేదు. ఫౌండర్లకి పట్టిన జబ్బు ఫెడరేషన్ రహస్య గూఢచారి ముఠా సెక్షన్ 31 తయారు చేసింది. స్టేషన్ మీద మనవైపు ఉన్న ఫౌండర్ జాతివాడు ఓడో ద్వారా వాళ్లలోకి ఎక్కించారు. ఒక జాతి మొత్తాన్ని తుడిచిపెట్టే ప్రయత్నం అది. సంగతి తెలిశాక కూడా మందు ఇవ్వడానికి ఫెడరేషన్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. శత్రువు చేస్తే దాన్నేమంటాం?

చివరికి యుద్ధం ఆగింది కూడా ఓడో ఆ మందు తన శరీరంతో తీసుకెళ్లి ఫౌండర్‌కి ఇవ్వబట్టే. ఫిరంగులతో ఆగలేదు.

పాతరీలు

నాకు ఈ సీరియల్‌లో అన్నిటికంటే గుండె కోసేది పక్షం మారనివాడి కథ. 'రాక్స్ అండ్ షోల్స్'. డొమినియన్ తరఫున పోరాడే జెమ్‌హడార్ సైనికుల దగ్గర రోజూ వాడే మందు అయిపోతోంది. అది లేకపోతే పిచ్చెక్కి ఒకరినొకరు చంపుకుంటారు. వాళ్ల వోర్టా అధికారి కీవాన్ తన ప్రాణం కాపాడుకోవడానికి వాళ్ల దాడి పథకం మొత్తం సిస్కోకి అమ్మేస్తాడు. సిస్కో మనసు ఒప్పక వాళ్ల నాయకుడు రెమాటాక్లాన్‌కి నిజం చెప్పి, లొంగిపో, బతుకుతావు అంటాడు. అతనికి కీవాన్ సంగతి ముందే తెలుసు. అయినా ఒప్పుకోడు. ఈ ప్రాణం నాది కాదు, ఎప్పుడూ కాలేదు అన్నట్టు చెప్పి తన మనుషులతో నడుచుకుంటూ తుపాకులకి ఎదురొస్తాడు.

అదే ఎపిసోడ్‌లో ఇంకో పక్క స్టేషన్ మీద కీరా. డొమినియన్ కింద మామూలుగా ఉద్యోగం చేసుకుంటోంది, గొడవ లేకుండా. వెడెక్ యాసిమ్ అనే సన్యాసిని ఆమె కళ్ల ముందే అందరూ తిరిగే చోట ఉరి వేసుకుంటుంది, చెడుని చూస్తూ ఊరుకోకూడదని చెప్పడానికి. అప్పటికి గానీ కీరాకి తను ఏమైపోయిందో కనపడలేదు. చిన్నప్పటి నుంచి ఆక్రమణ మీద పోరాడిన మనిషి, ఇప్పుడు ఆక్రమణదారుల ఆఫీసులో కూర్చుని ఉంది! పక్షం మారడానికి పెద్ద నిర్ణయం ఏదీ అక్కర్లేదు, రోజూ పొద్దున లేచి పనికి వెళ్తే చాలు, అని నాకు అక్కడ వణుకు పుట్టింది.

నీలిగ్రహం

పాతరీలు గారూ, మీరు చెప్పిన ఎపిసోడ్, 'వాల్ట్జ్', 'ట్యాకింగ్ ఇంటు ద విండ్', ఈ మూడూ రాసింది రొనాల్డ్ డి. మూర్ ఒక్కడే. తర్వాత 2004లో బ్యాటిల్‌స్టార్ గలాక్టికా చేసింది కూడా ఆయనే. అందులో 3వ సీజన్ మొదట్లో సైలాన్లనే యంత్రమనుషుల ఆక్రమణ కింద మనుషులే ఆత్మాహుతి దాడులు చేస్తారు, మన పక్షంవాళ్లే. కీరా కథలో మొదలుపెట్టిన ప్రశ్నని అక్కడ ఇంకా లోతుకి తీసుకెళ్లాడనిపిస్తుంది.

పాలపుంత

బజోర్ మతపెద్ద కాయ్ విన్ గురించి ఎవరూ రాయలేదే? ఆమె మీద మాత్రం నాకు జాలి కలగలేదు.

రేడియోతరంగం

'రాప్చర్' మళ్లీ చూడండి. పోరాడింది మీరొక్కరే అనుకుంటారు కదా అని కీరాని నిలదీస్తుంది. కార్డాసియన్ల జైలు శిబిరంలో 5 ఏళ్లు ఉంది, దేవుడి మాట బోధించినందుకు రోజూ దెబ్బలు తింది. ఆయుధం పట్టినవాళ్ల పేర్లు అందరికీ తెలుసు, ఆమెలాంటివాళ్లవి ఎవరికీ తెలియదు. ఆ రోజు కీరా తల దించుకుంటుంది. జాలి అక్కడ మొదలవుతుంది. తర్వాత ఆమె చేసినవి ఆ జాలిని నిలబడనివ్వవు, అది వేరే సంగతి.

కంచుకాగడా

రెండు రోజులు ఆలోచించి వచ్చాను. 'వాల్ట్జ్' మళ్లీ చూశాను. నీలిగ్రహం తమ్ముడూ, నువ్వే కరెక్ట్. ఈసారి డుకాట్ మాటలు వినడం మానేసి సిస్కో మొహం చూస్తూ కూర్చున్నాను. అతను అడిగిన ప్రతి ప్రశ్నకీ డుకాట్ తన జవాబుతో తనే ఒక మెట్టు దిగుతాడు. దయ్యాల దారి మీద మాత్రం నా మాట మార్చుకోను.

చుక్కలదారి

అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు. నా ప్రశ్న దగ్గరికే వస్తాను.

ఇక్కడ ఎవరూ రాయనిది ఒకటుంది, నాకూ నిన్ననే తట్టింది. చివరి ఎపిసోడ్లలో తిరుగుబాటు ఛిన్నాభిన్నమయ్యాక కార్డాసియాలో ముగ్గురు ఒక ఇంటి నేలమాళిగలో దాక్కుంటారు. డమార్, కీరా, గారక్. కీరా జియాల్‌ని చెల్లెలిలా చూసుకుంది. గారక్‌ని ప్రేమించిన ఒకే ఒక్క అమ్మాయి జియాల్. మూడో మనిషి ఆమెని చంపినవాడు. ముగ్గురూ ఆ చీకట్లో పక్కపక్కన కూర్చుని బాంబులు ఎక్కడ పెట్టాలో మాట్లాడుకుంటారు.

ముందు రెండుసార్లు అది నాకు యుద్ధం సీనులాగే కనపడింది. ఇప్పుడు ఆ గదిలో నాలుగో మనిషి కూడా కనిపిస్తోంది. రచయితలు నన్ను మరిపించారనుకున్నాను, మర్చిపోయింది నేనే.

కీరా డమార్‌ని క్షమించిందని మాత్రం నాకు ఎక్కడా అనిపించలేదు. దాక్కోవడం, పేల్చడం, మనుషుల్ని కూడగట్టడం, తను కార్డాసియన్ల మీద నేర్చుకున్నదంతా అతనికి నేర్పింది. బజోరన్ మాట కార్డాసియన్లు వినరని ఫెడరేషన్ దళం స్టార్‌ఫ్లీట్ యూనిఫాం వేసుకుని మరీ నేర్పింది. అతని పాత స్నేహితుడు రుసోట్ ఆమె మీద తుపాకీ ఎత్తినప్పుడు డమార్ అతన్ని, అతనితో పాటు తన పాత పక్షాన్నీ కాల్చేశాడు. అప్పటికి కొడుకు పోయాడు, ఆ ప్రశ్న విన్నాడు. దుర్భిణి గారు అడిగిన రెండో మార్పు నా వరకు అదే.

దుర్భిణి

ఒప్పుకుంటాను. రుసోట్ సీను నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఆఖర్న ఫౌండర్ కార్డాసియన్లందర్నీ చంపమని ఆజ్ఞ ఇస్తే 80 కోట్ల మంది పోయారు. మార్టోక్ శత్రువుల శవాల మధ్య గెలుపు పానీయం అందిస్తే సిస్కో తాగలేక కింద పారబోస్తాడు. 6 ఏళ్ల క్రితం ఆ స్టేషన్‌కి వచ్చినప్పుడు కార్డాసియన్ల కోసం అలా ఆగిపోతాడని అతనే అనుకుని ఉండడు.

వేగుచుక్క

1వ సీజన్ 'డ్యూయెట్' ఎవరైనా ఈ వారం చూస్తారా? కార్డాసియన్ల గల్లిటెప్ శిబిరంలో ఫైళ్లు రాసుకున్న మారిట్జా అనే గుమాస్తా, కసాయి అధికారి తనే అని అబద్ధం చెప్పి, ఉరి తీయించుకోవడానికి వస్తాడు. తన జాతి తప్పు ఒప్పుకోవాలంటే అదొక్కటే దారి అనుకుంటాడు. కీరా అతన్ని వదిలేస్తుంది, కానీ దారిలో ఒక బజోరన్ పొడిచేస్తాడు. కార్డాసియన్ కాబట్టి చంపాను, అది చాలదా అంటాడు. చాలదు అంటుంది కీరా.

1993లో ఆమె ఆ మాట అంది. 1999లో డమార్‌ని ఆ ప్రశ్న అడిగింది. రెండూ ఒకే రాత్రి వరసగా చూద్దామనుకుంటున్నాను.

చుక్కలదారి

నేనూ వస్తాను. శనివారం రాత్రి మొదలుపెడదాం, చూశాక ఇక్కడే రాయండి.